జామచెట్టుకు పురుడు

ఈ ఆషాఢంలో, రెండు రోజులు ముసురు పట్టి వెలిసిన ఒక ఉదయం, విజయవాడ సింగ్ నగర్‌లోని మా ఇంటి పెరట్లో జామకొమ్మ ఒకటి కిందికి వంచి పట్టుకుని, పెన్సిలంత లావున్న రెమ్మ చుట్టూ చిన్న కత్తితో ఒక గాటు పెట్టి, దానికి అంగుళం ఎడంగా మరొక గాటు పెట్టి, రెండింటి నడుమ బెరడును ఉంగరంలాగా ఒలిచాను. ఒలిచీ ఒలవగానే వాసన కొట్టింది. అది పండు వాసన కాదు, ఆకు నలిపితే వచ్చే వాసనా కాదు. పచ్చి వగరు వాసన, ముక్కుకన్న ముందు నాలుక మొదట్లో తగిలేది. కొమ్మ చేతిలో ఉండగానే నేను గుంటూరు వెళ్లిపోయాను. బ్రాడీపేటలో మా మామగారి పెరడు, ఆయన చేతుల బనీను, నూతి చప్టా మీద ఆరబెట్టిన కొబ్బరి పీచు, వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారు చెప్పిన అభ్యంతరం, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి.

ఈ పని చేసి చాలా ఏళ్లయింది. మళ్లీ చేయవలసిన అవసరాన్ని బుడమేరు వాగు తెచ్చిపెట్టింది. 2024 సెప్టెంబరు ఒకటో తేదీన, ఎగువన గట్లు తెగి మా వీధిలోకి వచ్చిన నీరు రోజుల తరబడి కదలలేదు. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం పక్కింటివారి మేడ మీదికి ఎక్కించాం. అక్కడి పిట్టగోడ మీద నుంచి చూస్తే మా జామచెట్టు పంగ దాకా బురదనీటిలో నిలబడి కనిపించేది. జామ మొండి చెట్టే, నాలుగు రోజుల నీటికి లొంగదు. కానీ కదలని మురికినీటిలో వేళ్లు ఎన్నాళ్లని గాలి ఆడకుండా బతుకుతాయి? నీరు తీశాక ఆకులు పండి రాలాయి, సంక్రాంతి నాటికి ఉత్తరం వైపు సగం ఎండిపోయింది. వేసవి గడిచి తొలకరి పడ్డాక దక్షిణం వైపు కొమ్మ ఒకటి మాత్రం చిగిర్చింది. ఈ చెట్టు ఇక ఎంతో కాలం ఉండదని నాకు అర్థమైంది. అందుకే కత్తి పట్టాను.

* * *

మా పెళ్లయిన మొదటి ఆషాఢంలో నన్ను ఆ బ్రాడీపేట ఇంటి గడప తొక్కనివ్వలేదు. కొత్త అల్లుడూ అత్తగారూ ఆషాఢంలో ఒకే గడప దాటకూడదన్న ఆనవాయితీని మా అత్తగారు ఎంత పట్టుదలగా పాటించారంటే, ఆఫీసు పని మీద గుంటూరు వెళ్లిన నన్ను మామగారు శంకర్ విలాస్ సెంటరులో కలుసుకుని, కాఫీ ఇప్పించి, అటు నుంచి అటే స్టేషనుకు సాగనంపారు. మరుసటి ఆషాఢానికి ఆ నిషేధం తొలగిపోయింది. అప్పటికి మా ఆవిడకు సీమంతం చేసి పురిటికి పుట్టింటికి తీసుకువెళ్లారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాను. సరుకు రసీదులైన బిల్టీలు రాయడం, బాడుగ లెక్క కట్టడం, డ్రైవర్ల బత్తాలు చూడడం నా పని. శనివారం సాయంత్రం చిట్టా కట్టేసి, గుంటూరు ప్యాసింజరు అందుకునేవాణ్ణి. కృష్ణ వంతెన మీద బండి నెమ్మదించినప్పుడు చిల్లర నాణేలు ఏటిలోకి విసిరే ఆడవాళ్లు, కృష్ణా కెనాల్ దగ్గర ఎందుకో తెలియని ఆగడం, మంగళగిరిలో జామకాయలు బుట్టతో ఎక్కే ముసలమ్మ, నంబూరు దాటాక చీకట్లో పొలాల మీదుగా వచ్చే తడి గాలి, ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరానికి ఇంత వైభోగం ఉండేది. దిగాక బ్రాడీపేటలో ఇల్లు వెతుక్కోవడం ఎప్పుడూ కష్టం కాదు. లైను అంకె ఒకటి, అడ్డరోడ్డు అంకె ఒకటి తెలిస్తే చాలు. లెక్కలు రాసుకునేవాడికి అంతకన్న అనువైన పేట మరొకటి ఉండదని నేను అనుకునేవాణ్ణి.

ఇబ్బంది ఇల్లు చేరిన తర్వాత మొదలయ్యేది. మా మామగారు పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చూసి రిటైరైన మనిషి. ఏ ఆకునైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రాసి, కళ్లు సగం మూసి దాని తరగతి చెప్పేసేవారట. మనుషులతో మాట్లాడడం మాత్రం ఆయనకు అంత తేలికగా వచ్చేది కాదు. నాకూ అంతే. "బండి టైముకే వచ్చిందా?" అని అడిగేవారు. "వచ్చిందండీ" అనేవాణ్ణి. "ఊఁ" అనేవారు. 1976లో పొగాకు బోర్డు గుంటూరులో పెట్టినప్పటి సంగతులు ఒకటి రెండు ఆయన దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. అవి మూడు శనివారాల్లో అయిపోయాయి. మా ఆవిడ భోజనం కాగానే పడుకునేది. ఇక మేమిద్దరం వసారాలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, ఒకరి వెనక గోడను ఒకరం చూసుకుంటూ ఉండేవాళ్లం.

ఒక ఆదివారం పొద్దున ఆయన హఠాత్తుగా లేచి, "అల్లుడుగారూ, ఒకసారి పెరట్లోకి వస్తారా" అన్నారు.

* * *

ఆ జామచెట్టు అలహాబాదు సఫేదా. కాయ గుండ్రంగా, నున్నగా, లోపల తెల్లగా ఉండేది. దానిని ఆయనకు ఇచ్చిందీ, అంటు కట్టడం నేర్పిందీ బాపట్లలో ఉండే ఆయన పినతండ్రి. 1945లో అక్కడ వ్యవసాయ కళాశాల పెట్టిన తొలి రోజుల్లోనే తోటపనిలో చేరినవాడట. నేల అంటు, గాలి అంటు, టెంక అంటు అని మామగారు వేళ్లు మడుస్తూ చెబుతుంటే, ఏడాదిన్నరగా నేను ఎరిగిన మనిషి ఈయనేనా అనిపించింది. గాలి అంటును కొందరు గూటీ అంటారు. కొమ్మను చెట్టు నుంచి వేరు చేయకుండా, చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించడం ఆ విద్య.

ఆయన ఒక రెమ్మను ఎంచి, బెరడు ఒలిచి, తెల్లని కర్ర మీద మిగిలిన జిగురు పొరను కత్తి వీపుతో గీకారు. ఆ పొర ఉండిపోతే పైబెరడు పాకి వచ్చి కిందిబెరడుతో కలిసిపోతుందని, గాయం మానుతుందే తప్ప వేరు పుట్టదని చెప్పారు. "ఆకులు వండిన అన్నం బెరడులోంచే కిందికి దిగుతుంది. మనం దారి తెంచేశాం. నీళ్లు మాత్రం లోపలి కర్రలోంచి పైకి పోతూనే ఉంటాయి. కాబట్టి కొమ్మ ఎండదు. దిగాల్సిన అన్నం ఇక్కడ ఆగిపోతుంది. ఏం చెయ్యాలో తోచక వేరవుతుంది." ఇంత పెద్ద మాట ఆయన నోట అంతకు ముందు నేను వినలేదు.

రెండో రెమ్మకు కత్తి నా చేతికిచ్చారు. నేను గాటు పెట్టబోతుండగా వంటింటి గుమ్మంలో నుంచి అత్తగారి గొంతు వినిపించింది. ఆవిడ ఆ రోజుల్లో నాతో నేరుగా మాట్లాడేవారు కాదు, నాకు చెప్పవలసినవన్నీ మామగారికి చెప్పేవారు.

"ఏమండీ, అమ్మాయి కడుపుతో ఉండగా అల్లుడుగారి చేతికి కత్తి ఇచ్చి చెట్టు దగ్గర నిలబెడతారా? చూలాలి మొగుడు చెట్టు కొట్టకూడదని తెలీదూ?"

"కొట్టడం కాదే ఇది. చెట్టుకు పురుడు పోస్తున్నాం" అన్నారు మామగారు.

"పురుడైతే మంత్రసానిని పిలవండి. అల్లుడుగారు మాత్రం కత్తి ముట్టుకోవడానికి వీల్లేదు."

భార్య గర్భవతిగా ఉన్నప్పుడు భర్త క్షౌరం చేయించుకోకూడదని, సముద్రస్నానం చేయకూడదని, శవం మోయకూడదని, చెట్లు నరకకూడదని పెద్దలు చెప్పే జాబితా ఒకటుంది. ఆవిడ అందులో ఒక్కటీ వదిలే మనిషి కారు. ఆవిడ కోరిక మీదనే నేను అప్పటికి గడ్డం పెంచుతున్నాను. ఆఫీసులో డ్రైవర్లు ఏం దీక్షలో ఉన్నానని అడిగేవారు. చివరికి పెరట్లో రాజీ కుదిరింది. బెరడు ఒలవడం మామగారి వంతు, కట్టు కట్టడం నా వంతు. వేళ్లు పుట్టినా సరే, కాన్పు అయ్యేదాకా కొమ్మను చెట్టు నుంచి కోయకూడదు. ఈ చివరి షరతును అత్తగారు రెండుసార్లు చెప్పించుకున్నారు.

నూతి చప్టా మీద ఎర్రమట్టి, మాగిన పేడ, చిక్కు తీసిన కొబ్బరి పీచు కలిపి ముద్ద చేశాను. పిండితే నీరు కారకూడదు, వదిలితే విడిపోకూడదు. ఒలిచిన చోట ఆ ముద్దను గుప్పిటంత పెట్టి, మీద పల్చని కవరు చుట్టి, రెండు కొసలా పురికొసతో బిగించాలి. ఆ కవర్లు ఎక్కడివంటే, పండుగలకు కొన్న చొక్కాలకు వచ్చినవి. మామగారు వాటిని ఒక్కటీ పారేయకుండా పరుపు కింద మడతలు పెట్టి దాచేవారు. ముడి మాత్రం ఆయన నేర్పింది. ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో ఎక్కించే ముందు పొగాకు ఆకును కర్రకు కట్టే ముడి అది. లాగితే బిగుస్తుంది, కొస పట్టి ఒక్క గుంజు గుంజితే ఊడుతుంది. నాకు మూడో ఆదివారానికి గానీ పట్టుబడలేదు.

కవర్లు నాలుగే దొరికాయి. అయిదో రెమ్మకు ఆయన తమ చిన్ననాటి పద్ధతి చూపించారు. ముద్ద మీద గోనెగుడ్డ చుట్టి, పైకొమ్మకు ఒక మట్టి ముంతను వేలాడదీసి, దాని అడుగున చిల్లి చేసి, చిల్లిలో పాతగుడ్డ వత్తి దూర్చారు. ముంతలో నీళ్లు పోస్తే వత్తి వెంట బొట్టు బొట్టుగా గోనె మీద పడుతూ ఉంటుంది. పాలిథిన్ కవర్లు లేని కాలంలో అంట్లన్నీ అలాగే కట్టేవారట.

* * *

ఆ ముంత చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. శనివారం రాత్రుళ్లు మా ఆవిడకు ఏ పక్కకు తిరిగినా నిద్ర పట్టేది కాదు. వసారాలో నులకమంచం మీద కూర్చునేది, నేను పక్కన కింద చాప మీద. వీధిలో ఆఖరి రిక్షా గంట వినిపించి ఆగిపోయాక, పెరట్లోంచి టప్పుమని ఒక చుక్క, మళ్లీ చాలాసేపటికి మరొక చుక్క. రెండింటి మధ్య ఎంత సేపు పడుతుందో ఆవిడ లెక్కపెట్టేది. ఒకసారి లెక్క మధ్యలో ఆపి, నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది. లోపలి నుంచి మడమో మోచెయ్యో తెలియనిది ఒకటి అరచేతికి తగిలి జారిపోయింది. నేను చేయి వెనక్కి తీసేసుకున్నాను. భయపడ్డానని ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నిజమే.

అంటు కట్టినవాడికి ఉండే పెద్ద జబ్బు, లోపల ఏం జరుగుతోందో చూడాలన్న ఆత్రం. కట్టు విప్పకూడదని తెలుసు. అయినా నేను రైలు దిగి ఇంటికి రాగానే, కాళ్లు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయి, ఒక్కొక్క ముద్దనూ బొటనవేలితో నొక్కి, కవరులో నుంచి తేరిపార చూసేవాణ్ణి. నాలుగు వారాల పాటు మట్టి తప్ప ఏమీ కనిపించలేదు. "ముందు ఆ చెట్టును పలకరించి, తీరిక చూసుకుని నన్ను పలకరించండి" అని మా ఆవిడ దెప్పేది. ముంత కట్టిన అంటును ఈలోగా ఒక కాకి పాడుచేసింది. నీళ్ల కోసం వాలి ముంతను తలకిందులు చేస్తే, ఆ వారమంతా ఎవరూ చూసుకోలేదు.

శ్రావణమాసం ఆఖరు శనివారం, దీపం తెచ్చి చూస్తే, కవరుకు లోపలి వైపు ఆనుకుని ఒక తెల్లని దారం కనిపించింది. సేమ్యా పోగంత లావు, చివర కొంచెం పసుపు. పక్కనే ఇంకొకటి మట్టిలోంచి కొన బయటపెట్టి మళ్లీ మట్టిలోకే దూరింది. నేను మామగారిని కేక వేశాను. అల్లుడు కేక వేయడం ఆ ఇంట్లో అదే మొదలు కాబట్టి, లోపల ఏదో జరిగిందనుకుని అందరూ పరుగెత్తుకొచ్చారు. మామగారు దీపం కిందికి వంగి చాలాసేపు చూసి, "పట్టింది" అన్నారు. ఇక కోయవచ్చునేమోనని నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ మామగారి వైపు చూశారు. నేను చెయ్యి దించుకున్నాను.

* * *

భాద్రపదం ముగుస్తుండగా ఒక గురువారం మధ్యాహ్నం, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తుకుని విశాఖపట్నం వైపు పోయే లారీ ఒకటి మా ఆఫీసు ముందు ఆగింది. డ్రైవరు తుమ్ముకుంటూ లోపలికి వచ్చి, బిల్టీ కాగితాలతో పాటు మడిచిన చీటీ ఒకటి నా బల్ల మీద పెట్టాడు. మా ఆఫీసు ఫోను మూడు రోజులుగా పనిచేయడం లేదు. మామగారు పొద్దున్నే మిర్చి యార్డుకు పోయి, విజయవాడ వచ్చే బండి ఏదో వాకబు చేసి, దాని డ్రైవరు చేతిలో చీటీ పెట్టారు. గ్రేడింగు పుస్తకంలో రాసినట్టు నాలుగే ముక్కలు: అమ్మాయి క్షేమం. ఆడపిల్ల. తూకం రెండు కిలోల ఏడు వందలు. నాలుగింటిలో మూడు బాగా పట్టినవి.

మూడు పట్టినవి ఏమిటని పక్క గుమాస్తా అడిగితే, జామ అంట్లని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. ఆ డ్రైవరు బట్టల నిండా మిర్చి కోరు. ఆఫీసులో అందరికీ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి కాబట్టి నా కళ్లను ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోలేదు. గుంటూరు వైపు ఖాళీగా పోయే లారీలో క్లీనరు పక్కన కూర్చుని వెళ్లాను.

కొత్తపేటలో ఆసుపత్రి. పొడుగాటి వరండా, ఫినాయిల్ వాసన, గోడకు ఆనుకుని నేల మీద పరిచిన దుప్పట్లు. ఆయా ఒకావిడ పాత చీర ముక్కలో చుట్టిన పిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టబోయింది. నేను చేతులు చాచాను కానీ ఎలా పట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు అత్తగారు, మొదటిసారిగా నన్ను చూసి నాతోనే మాట్లాడారు. "మెడ కింద చెయ్యి పెట్టు నాయనా. మెడ నిలవదు, వేలాడేస్తుంది." నెత్తి మీద మెత్తని చోట చర్మం లేచి అణుగుతూ ఉంది. అంటు వేరు కొనను గోటితో తాకితే పుటుక్కుమని విరిగిపోతుందని మామగారు ఒకసారి చెప్పిన మాట గుర్తుకొచ్చి, నేను వేళ్లన్నీ బిగబట్టుకున్నాను. ఆయా నవ్వి, "ఊపిరి తీసుకోండి బాబూ" అంది. ఆ తరవాత ఆవిడకు ఏమిస్తే బాగుంటుందని అడిగితే, మామగారు డబ్బుతో పాటు మూడు అంట్లలో ఒకటి ఆవిడ పేరన రాసేశారు.

* * *

ఇరవై ఒకటో రోజున బారసాల. పొద్దున్నే ఇంట్లో సాంబ్రాణి పొగ. ఒక పెద్దావిడ కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లను బోర్లా వేసుకుని నీళ్లు పోస్తుంటే, అది లోకమంతా మునిగిపోతున్నట్టు ఏడుస్తోంది. మామగారు నన్ను పెరట్లోకి పిలిచి కత్తి చేతిలో పెట్టారు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లారు.

వారం ముందే ఆయన కట్టు దిగువన సగం లోతు గాటు పెట్టి ఉంచారు. ఒక్కసారిగా తెంచితే కొమ్మ తట్టుకోలేదు, తల్లి నీళ్లు తగ్గుతూ సొంత వేళ్ల మీద ఆధారపడడం దానికి అలవాటు కావాలి. మిగిలిన సగం నేను కోశాను. కొమ్మ చేతిలోకి వచ్చినప్పుడు ఎంత తేలికగా ఉందో! కవరు విప్పితే తెల్లవేళ్లు మట్టి ముద్దను గుడ్డు పెంకులా పట్టి ఉన్నాయి, ఆలస్యమైనందువల్ల కొన్ని గోధుమరంగుకు తిరిగాయి. సగం ఆకులు తుంచేయమన్నారు, అన్ని ఆకులకు నీరు అందించే శక్తి ఆ వేళ్లకు అప్పుడే ఉండదు. తుంచుతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు.

లోపల చుట్టాలు ఉయ్యాల చుట్టూ చేరి ముక్కు నాయనమ్మదని, నుదురు మేనమామదని, చెవులు మాత్రం అచ్చం నావేనని పంచుకుంటున్నారు. మామగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఉయ్యాలలోకి తొంగి చూసి, "అంటు కడితే అదే చెట్టు వస్తుంది. ఇది గింజ మొక్క. కాపుకొచ్చాక గానీ చెప్పలేం" అని వెళ్లిపోయారు. అత్తగారు ఆయనను పండుగపూట ఏం మాటలవి అని కసురుకున్నారు.

అయిదో నెలలో పిల్లను తీసుకుని విజయవాడ బయలుదేరాం. ప్యాసింజరులో మా ఆవిడ ఒళ్లో పాప, నా ఒళ్లో మట్టికుండీలో జామ. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ "ఎన్నో నెల బాబూ?" అని అడిగింది. కుండీ ఒరిగిపోకుండా పట్టుకుని ఉన్న నేను "నాలుగు నిండాయండీ, రెండు చిగుళ్లు వేసింది" అన్నాను. మా ఆవిడ మంగళగిరి దాకా నాతో మాట్లాడలేదు.

* * *

సత్యనారాయణపురంలో మాది రెండు గదుల వాటా. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్న చోట అప్పుడు రైలు పట్టాలుండేవి. బండి పోయినప్పుడల్లా మెట్ల మీద వరసగా పెట్టిన నా డబ్బాలు గలగలమనేవి. పదిహేను కిలోల నూనె డబ్బాలో జామ, దాని చుట్టూ దాల్డా డబ్బాలు, కొబ్బరి చిప్పలు, చెవి విరిగిన కప్పులు. గుంటూరు నుంచి తెచ్చుకున్న పిచ్చి అది. ఎవరింటికి వెళ్లినా నా కళ్లు వాళ్ల గోడ పక్కనే ఉండేవి. గులాబీ కొమ్మ అడుగున ఏటవాలుగా కోసి, పైకోతకు పేడముద్ద పెట్టి గుచ్చితే తడి ఆరిపోదు. మల్లెతీగను వంచి కణుపు దగ్గర మట్టిలో తొక్కి రాయి పెడితే చాలు. కరివేపాకు గింజను ఎండనివ్వకుండా, పండు రాలిన వెంటనే పాతాలి. రణపాల ఆకుకైతే ఏమీ చేయనక్కరలేదు, పుస్తకంలో మరిచిపోయినా అంచున పిల్లలు పెడుతుంది. రోహిణీ కార్తెలో వీటన్నిటికీ తడిగోనె కప్పి, మధ్యాహ్నం ఆఫీసు నుంచి సైకిలు మీద వచ్చి నీళ్లు చల్లి వెళ్లేవాణ్ణి. ఆ ఎండల్లో బతికినవాటికన్న చచ్చినవే ఎక్కువ, ఆ లెక్క నేను రాయలేదు.

మా అమ్మాయి ఆ డబ్బాల మధ్యనే పాకింది, నడిచింది. ఎండిన కనకాంబరం కాయలు నీళ్లలో వేస్తే టపటపా పేలి గింజలు ఎగురుతాయని తెలిశాక, ఇంట్లో తాగే నీళ్ల గ్లాసు ఒక్కటి శుభ్రంగా మిగల్లేదు. నాలుగేళ్లప్పుడు అనుకుంటాను, నేను గుచ్చిన పదకొండు మందారపు కొమ్మలు ఒక్కటీ వేరు పట్టడం లేదేమిటా అని వారాల పాటు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. ఒక సాయంత్రం పెందలాడే ఇంటికి వస్తే, అది మెట్ల మీద కూర్చుని ఒక్కొక్క కొమ్మనే పీకి, అడుగు చూసి, "ఇంకా రాలేదు" అని, జాగ్రత్తగా మళ్లీ గుచ్చుతోంది. నేను గట్టిగా కసిరితే అది ఏడుపు లంకించుకుంది. మా ఆవిడ వచ్చి పిల్లను ఎత్తుకుని, "కవరు మీద బొటనవేలి గుర్తులు ఎవరివో గుంటూరులో ఆ చెట్టును అడిగితే చెబుతుంది" అంది.

నిమ్మగింజల సంగతి కూడా అప్పటిదే. డబ్బాలో ఒక గింజ పాతితే మూడు మొలకలు లేచాయి. సెలవులకు వచ్చిన మామగారిని అడిగితే, నిమ్మలో అది మామూలేనని, బలంగా లేచినవి చాలావరకు తల్లి నుంచి నేరుగా వచ్చినవని, అవి పెరిగితే తల్లిచెట్టు కాయే కాస్తాయని, తండ్రి పుప్పొడి కలిసి పుట్టింది తరచుగా నీరసంగా ఉంటుందని, తోటమాలులు దాన్ని పీకేస్తారని చెప్పారు. అమ్మాయి వింటోందని ఆయన చూసుకోలేదు. మర్నాడు ఆ బక్క మొలక వేరే కొబ్బరి చిప్పలోకి మారి, దాని పలకల సంచి పక్కన, కిటికీలో ఉంది. రెండు నెలలు బతికింది.

* * *

తరవాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. సింగ్ నగర్‌లో స్థలం కొన్నాం. ఇంకా గోడలు లేవకముందే, డబ్బాలో వేళ్లు చుట్టుకుపోయిన జామను తెచ్చి నేలలో పెట్టాను. రెండో ఏడు కాసింది. కాయ కోసి మామగారికి పంపితే, తిని, "మనదే" అని ఉత్తరం రాశారు. ఆయన పోయిన కొన్నేళ్లకు బ్రాడీపేట ఇల్లు అమ్మారు. చివరిసారి వెళ్లినప్పుడు పెరడంతా సున్నంతో గీతలు గీసి ఉంది, చెట్టు కొట్టేసి మొద్దు మిగిలింది. బావమరిది చాలా బాధపడ్డాడు. నాకు అంత అనిపించలేదు. అక్కడ కొట్టేసింది ఏదో, మా పెరట్లో నిలబడి ఉన్నదీ అదే. దాని కూతురు కాదు, అచ్చంగా అదే చెట్టు.

మా అమ్మాయి మాత్రం మామగారు అన్నట్టు గింజ మొక్కే. చార్టర్డ్ అకౌంటెంటు అవుతుందని నేను పుస్తకాలు కొనిపెట్టాను. అది విశాఖ వెళ్లి ఆంధ్రా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివి, మట్టి మీద మొలిచేవాటిని వదిలేసి మట్టి కిందనున్న రాళ్ల వెంట పడింది. మొక్కల మీద దానికి పెద్ద ఆసక్తి లేదు. అన్నిటికన్న నన్ను కష్టపెట్టేదేమిటంటే, దానికి జామకాయ వాసన పడదు. మా ఇంట్లో నాకు కోపం వస్తే అది దాచుకోవడానికి నేను పెరట్లోకి పోతాను. అమ్మాయి ఎలాంటి కోపమొచ్చినా డాబా ఎక్కుతుంది. ఎవరి పోలికో తెలియదు.

వరద వచ్చిన వారంలో మాత్రం రోజూ ఫోనులో అమ్మమ్మ ఎలా ఉందని అడిగాక, రెండో ప్రశ్నగా చెట్టు ఎలా ఉందని అడిగేది.

* * *

ఈసారి నాలుగు అంట్లు కట్టాను. నర్సరీలో అమ్మే నాచు వాడాను, తేలిక, శుభ్రం. పురికొస ముడి చేతికి దానంతట అదే వచ్చింది. భాద్రపదంలో రెండింటిలో తెల్లవేళ్లు కనిపించాయి, ఒకదానికి చీమలు పట్టాయి, ఒకటి ఊరికే పచ్చగా ఉండిపోయింది. అమ్మాయి వినాయక చవితికి వస్తూ, తన ఇంటి ముందు నాలుగడుగుల నేల ఉందని, వాసన భరిస్తానని, ఒకటి ఇమ్మని అడిగింది.

కోసేరోజు అత్తగారు ఎప్పటిలాగే పెరట్లో కుర్చీలో కూర్చున్నారు. ఆవిడకు ఇప్పుడు ఎనభై ఆరు. పొద్దున తిన్న టిఫిను గుర్తుండదు, పెళ్లినాటి వంటవాడి పేరు గుర్తుంటుంది. నేను కొమ్మ వంచి కత్తి ఆనించగానే చేతికర్ర నేలకు తాటించారు.

"ఏం నాయనా, అమ్మాయికి నెలలు నిండుతుంటే చెట్టు మీద కత్తి పెడతావా? మీ మామగారు ఊళ్లో లేరా?"

నా కూతురు అటు పక్కన మెట్ల మీద కూర్చుని ఉంది, దాని కొడుకు గాలిపటం దారం చిక్కు తీస్తున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"లేదండీ అత్తయ్యగారూ, నేను కట్టు పట్టుకుంటానంతే" అన్నాను.

"అదీ" అన్నారావిడ.

మా ఆవిడ నా చేతిలోంచి కత్తి తీసుకుని, ముందే పెట్టిన గాటు ఎక్కడుందో వేలితో తడిమి చూసి, ఒక్క వేటున కోసేసింది.